పావుకిలో సున్నం

క్రియాజన్యాలు రాయమనే ప్రశ్న వస్తే నాకు పండగే. ఎడమవైపు రెండు పదార్థాలు, మధ్యలో బాణం, కుడివైపు ఖాళీ. ఆ ఖాళీలో ఏమొస్తుందా అని మిగతా అమ్మాయిలు పెన్ను కొరుకుతూ కూర్చుంటే నేను టకటకా రాసేసేదాన్ని. ఎనభైల్లో, గుంటూరు హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్న రోజులవి. మా ఊళ్ళో కాలేజీ మెట్లెక్కిన ఆడపిల్లను అప్పటికి నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరూ మరచిపోకుండా నేనే చూసుకునేదాన్ని.

రెండో ఏడు దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి మా మిరపతోటకు ఎండు తెగులు తగిలింది. దానికి బోర్డో మిశ్రమం కొట్టాలి. మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేటు, ఒక బానలో, సున్నం ఇంకో బానలో విడిగా కలుపుకుని, ఆ రెండూ ఒకచోట పోస్తే లేత నీలం రంగు మందు తయారవుతుంది. మా ఊళ్ళో ఎవరి తోటకైనా దాన్ని కలిపేది ఒకే పెద్దాయన. మామూలు రోజుల్లో అందరితోపాటు కూలికి వచ్చేవాడు. మందు కలిపే రోజున మాత్రం రైతులే ఆయన పక్కన నిలబడి, ఆయన ఊఁ అనేదాకా ఆగేవాళ్ళు. నేను ఆయన్ని తాతా అని పిలిచేదాన్ని.

ఆ రోజు నాన్న పనిమీద అద్దంకి వెళుతూ, మందు కలిపేటప్పుడు పొలంలో ఉండమని నన్ను పంపాడు. ఊరికే ఉండమన్నాడు, అంతే. నేను ఊరికే ఉండే రకమా?

"కిలో తుత్తానికి కిలో సున్నమా? ఎందుకు తాతా అంత దండగ?"

"మా అయ్య కాణ్ణుంచీ అంతే పాపగారూ."

ఆ జవాబు నాకు ఒళ్ళు మండించింది. పుల్ల తీసుకుని గట్టు మీద మెత్తటి మట్టిలో సమీకరణం రాశాను. అణుభారాలు వేశాను, గుణించాను, భాగించాను. కిలో తుత్తానికి పావుకిలో సున్నం కూడా అక్కర్లేదని తేలింది. "పావు చాలు. అదే ఎక్కువ," అన్నాను. ఆయన ఆ గీతలకేసి కాసేపు చూశాడు. వాటి మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, పావుకిలోనే తూచి తెచ్చాడు.

కలపడం అయ్యాక మొలలోంచి కొడవలి తీశాడు. "ఒకసారి ముంచి చూస్తానుండండి. కొడవలి ఎర్రబడిందంటే సున్నం చాల్లేదన్నట్టు. అట్టానే కొడితే ఆకు మాడుద్ది."

నేను నవ్వాను. చిన్న నవ్వు కూడా కాదు, పక్క పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూసేంత నవ్వు. "మందులో తుప్పు కలుపుతావా తాతా? లెక్క వేసి చెప్పాక ఇంకా ఈ కొడవలి పరీక్ష ఏంటి?"

"చదువుకున్నోళ్ళు మీరు," అని ఆయన కొడవలి మళ్ళీ మొలలో దోపుకున్నాడు.

మందు కొట్టిన నాలుగో రోజుకి ఆకులు అంచుల నుంచి మాడిపోయాయి. మొగ్గ రాలి నేలంతా పరుచుకుంది. నాన్న తోటలోనే నిలబడి ఆయన మీద కేకలేశాడు.

"ఏందయ్యా ఇది? కొడవలి ముంచి చూళ్ళేదా?"

ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. "చూళ్ళేదయ్యా."

"ఎందుకు చూళ్ళేదు?"

"మరుపొచ్చిందయ్యా. పెద్దోణ్ణయిపోయా."

నేను అక్కడే ఉన్నాను. రెండు సాళ్ళ అవతల. నాన్నకు భయపడి నోరు విప్పలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాన్న నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. నా లెక్క తప్పిందని ఊళ్ళో తెలుస్తుందే అని నా భయం. ఆ సిగ్గు పడలేక ఈ పాపాన్ని మూటగట్టుకున్నాను. పెద్దాయనకు చేతి పనితనం పోయిందని, మతి తప్పిందని వారంలో ఊరంతా పాకింది. ఆ తర్వాత ఏ రైతూ మందు కలపడానికి ఆయన్ని పిలవలేదు.

సెలవులయ్యాక ల్యాబులో ఇనప మేకును తుత్తం ద్రావణంలో ముంచాం. మేకు ఎర్రబడింది. ఇనుము రాగిని బయటికి నెట్టే స్థానభ్రంశ చర్య. స్కూలు రోజుల నుంచీ ఎన్నిసార్లు రాశానో. పుస్తకంలో మేకు కాబట్టి నాకు తెలుసు, ఆయన చేతిలో కొడవలి కాబట్టి తెలియలేదు. సున్నం సంగతి కూడా అప్పుడే తట్టింది. పిడుగురాళ్ల నుంచి తెచ్చిన ఆ బస్తా వానల ముందు మూతి విప్పినది. గాలి తగిలి అందులో సగానికి సగం సుద్ద అయిపోయి ఉంటుంది. నేను వేయించిన పావుకిలోలో అసలు సున్నం ఎంతో దేవుడికే తెలియాలి. ఆయన కిలో పోసినా, చాలకపోతే కొడవలి చెప్పేది. అదంతా రాద్దామని ఇన్‌లాండ్ లెటరు కొని, నాన్న చిరునామా రాసి, రికార్డు పుస్తకంలో పెట్టాను. ఆ ఏడు పరీక్షలయ్యేదాకా అది అందులోనే ఉంది.

వేసవిలో ఇంటికొచ్చాను. మా కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడకూలీల మధ్య కూర్చుని ఆయన తాలుకాయలు ఏరుతున్నాడు. నన్ను చూసి లేచి, తలగుడ్డ తీసి చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"పాపగారూ, ఒక్క మాట. ఆ రోజు ఏం తేడా జరిగిందంటారు? మీరు చెప్పినట్టు పావే పోశాను. తూకంలో నేనేమన్నా పొరపాటు చేశానా? అప్పట్నుంచీ అదే ఆలోచన, నిద్ర పట్టదు."

నన్ను నిలదీయడానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. నా దగ్గర జవాబు పూర్తిగా ఉంది. ఆడవాళ్ళు ఏరడం ఆపి మా వైపే చూస్తున్నారు.

"తెలియదు తాతా," అన్నాను.

ఆయన తల ఊపాడు. "పోన్లెండి. మీకే తెలీదంటే అది నా చేతి తప్పే అయ్యుంటది," అని వెళ్ళి మళ్ళీ కాయల ముందు కూర్చున్నాడు.