బొబ్బిలి పనస, ఉద్దానం జీడి, మధ్యలో నేను

గిటారుకు ఏ పూత వెయ్యాలో తెలియనివాడు ఏదీ వెయ్యకుండా ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. ఫలితంగా ఒక ఆదివారం బొబ్బిలి చర్చిలో, సంఘమంతా చూస్తుండగా, ఒక మనిషినీ గిటారునూ విడదీయడానికి పెద్దమనుషులు నడుం బిగించాల్సి వచ్చింది. ఆ మనిషి నేనే. తెలివితక్కువతనానికి పూత అక్కర్లేదు, దానంతటదే మెరుస్తుంది.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి, తర్వాత ఎలాగూ మిగలదు. ఆ గిటారు నేను చేసిందే. పగలు కాలేజీలో ఫిజిక్సు పాఠం, సాయంత్రం పెరట్లో రంపం. వీణలు చేసేవాళ్ళను బతిమాలి తెచ్చుకున్న పనస చెక్క. తీగలు బిగించి మొదటిసారి మీటితే పెరట్లో కోళ్ళు మేత మాని తలెత్తాయి. అంతటి సన్మానం నాకు ఇంతవరకూ మళ్ళీ జరగలేదు.

ఈ సంగతి తెలిసి పాస్టరు గారు, వచ్చే ఆదివారం కానుకల పాటకు మన ప్రకాశం మాస్టారు సొంతంగా చేసిన గిటారు వాయిస్తారని ప్రకటించేశారు. ఇక పచ్చి చెక్కతో వెళ్తే పరువేం కాను?

మా ఆవిడ రూతుకు అన్న సామ్యూల్ బావ. మెయిన్ రోడ్డులో సోఫాల షాపు. విషయం వినగానే వచ్చి కూర్చున్నాడు.

"ఏటి బావా ఇంత ఆలోసన? షాపుకి తే. సోఫా సేతులకి కొట్టే పాలిష్ కొట్టించెస్తాను. నీ మొఖం అందులో కనపడాల."

"నా మొఖానికి అద్దముంది బావా. గిటారు వినపడితే చాలు."

ఈ జవాబు నాకు ఎంత నచ్చిందంటే, ఇక సోఫా పాలిష్‌తోనే పని జరుగుతుందని దేవుడు దిగి చెప్పినా వినే స్థితిలో లేను. ఫోన్లో వీడియోలు చూశాను. విదేశాల్లో ఎవరో పెద్దాయన ఏదో గింజల నూనె గుడ్డతో రుద్ది గిటారును బంగారంలా చేస్తున్నాడు. గింజల నూనెకు విదేశం దాకా ఎందుకు? మా అమ్మ పుట్టిల్లు ఉద్దానం. అక్కడ జీడిపిక్కల పెంకుల నుంచి తీసిన నూనె ద్వారబందాలకు పూస్తారు. చెద దగ్గరికి రాదు, రంగు దిగదు. బొబ్బిలి పనసకు ఉద్దానం జీడి! ఉత్తరాంధ్ర మొత్తాన్ని ఒళ్ళో పెట్టుకుని వాయించబోతున్నానని ఛాతీ పొంగింది. ఆ ఛాతీ సంగతి తర్వాత చెబుతాను.

నూనె డబ్బా చూసి రూతు చీపురు పక్కన పెట్టింది.

"అది ఒంటికి తగిల్తే బొబ్బలెక్కుతాది. ద్వారబందాలకి రాసీది తెచ్చినావు. ద్వారబందాన్ని ఎవులైనా ఒళ్ళో ఎట్టుకుంటారేటి?"

ఆరిన నూనె ఏమీ చెయ్యదని తరగతి గది గొంతుతో వివరించి, చేతులకు తొడుగులేసుకుని పూశాను. ఎర్రమట్టిలో కాఫీ కలిపినట్టు ఏమి రంగు! శనివారం తొడుగు వేలితో నొక్కి చూసి, ఆరిందని తీర్పిచ్చి తీగలు బిగించాను.

ఆదివారం పొట్టిచేతుల తెల్లచొక్కా వేసుకున్నాను. మొదటి చరణం దివ్యంగా సాగింది. పనస చెక్క పలికిన తీరుకు ముందు వరుసలోని ముసలమ్మలు కళ్ళు మూసుకున్నారు. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. నాకు చెమట పట్టింది, గిటారుకు ప్రేమ పట్టింది. రెండో చరణంలో మోచెయ్యి కదలడం మానేసింది. మణికట్టుతో లాగించాను. అదేదో కొత్త పద్ధతనుకుని జనం మెచ్చుకున్నారు. పాట అయ్యాక గిటారు దించబోతే చొక్కా కూడా దానితో బయల్దేరింది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. సంఘమంతా చేతులు జోడించింది. నాకు జోడించడానికి చెయ్యి ఖాళీ లేదు.

పెద్దలు లాగితే నేను ఇటూ, నా చొక్కా జేబు గిటారుతో అటూ వెళ్ళాం. సాయంత్రానికి చేతి మీద, ఛాతీ మీద బొబ్బలు. బొబ్బిలి పేరు ఆ విధంగా నిలబెట్టాను.

రూతు ఛాతీకి, చేతులకి కొబ్బరినూనె పట్టించింది. తువ్వాలు కట్టుకుని, రెండు చేతులూ చాపి, దిష్టిబొమ్మలా నిగనిగలాడుతూ నిలబడ్డ నన్ను సామ్యూల్ బావ ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. కింద ఒక ముక్క: "గిటారు సంగతి తెల్దు గానీ, బావకి పాలిష్ బాగా కుదిరింది."

బొబ్బలు మానాక, గిటారు మీద చెయ్యి వేసి గంభీరంగా ప్రమాణం చేశాను: ద్వారబందానికి రాసేది, ఒళ్ళో పెట్టుకునేదానికి ఈ జన్మలో రాయను. జీడి పూతంతా గీకేసి, లక్క పాలిష్ గుడ్డతో పొర మీద పొర రుద్దాను. ఇప్పుడది తేనె రంగులో ఉంటుంది. వినపడుతుంది, కావాలంటే మొఖం కూడా కనపడుతుంది. ప్రతి ఆదివారం కానుకల పాట దానిదే.

అది చూసి సామ్యూల్ బావకు ముచ్చటేసింది. దానితో ఒక ఫోటో దిగుతానన్నాడు.

"లక్క కదా బావా," అన్నాను, ఎంతో బాధగా. "పూర్తిగా ఆరేదాకా నమ్మలేం. చొక్కా తీసెయ్. ఛాతీకి, చేతులకి కొబ్బరినూనె బాగా పట్టించు."

"అమ్మో, అలగేటి? నూనె తే, నూనె తే."

తువ్వాలు కట్టుకుని, నిగనిగలాడుతూ, ఊపిరి బిగబట్టి, పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు నా గిటారు పట్టుకున్నాడు. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. కింద ఆయన మాటే రాశాను: "బావకి పాలిష్ బాగా కుదిరింది."

గిటారు పాలిష్ అంటారా, అది ఆరి అప్పటికే నెల దాటింది.