తిట్టుకునే వరస

యోరో సిదిబే కౌన్సిలర్ అయింది వట్టి ఎగతాళి వల్ల. డింకోరో ఊళ్ళో మూడొందల ఇళ్ళుంటే అతని తెగవి, పశువులు కాచుకునే ఫులానీలవి, పదకొండు. మిగతావన్నీ సేద్యం చేసుకునే బోబోలవి. ఆ ఎన్నికలప్పుడు బోబోల్లో ఇద్దరు పెద్దమనుషులు కుర్చీ నాదంటే నాదని కొట్టుకు చస్తుంటే, వాళ్ళలోనే మరో పెద్ద దోఫిని మిల్లోగోకి విసుగెత్తి జొన్నకల్లు పాకలో లేచి నిలబడ్డాడు.

"మీరూ వద్దు, మీ కుర్చీ తగాదా వద్దు. మన బానిస యోరోగాడున్నాడుగా, వాణ్ణి పంపుదాం. పొద్దస్తమానం ఆవుల తోకలు పట్టుకు తిరిగేవాడు, ఫరాబె పట్నం దాకా నడిచి చావడానికి వాడి కాళ్ళే గట్టివి!"

పాకంతా గొల్లుమంది. జనం నవ్వుకుంటూనే వెళ్ళి ఓట్లేశారు.

బోబోలకీ ఫులానీలకీ తాతల నాటి నుంచీ ఉన్న వరస అది. బావా బావమరుదుల్లా ఎదురుపడితే తిట్టుకోవాలి. ఒకడు దొంగా అంటే రెండోవాడు "దొంగనే, మీ తాత ఆవుల్ని కూడా నేనే తోలుకుపోయాను" అని ఇంకో మెట్టు పైకెక్కాలి. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. ఆ వరసలో ఉన్నవాడు ఏదైనా అడిగితే కాదనకూడదు. వాడి రక్తం కళ్ళజూస్తే వంశం నిలవదు. యోరో, దోఫిని ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. కలిసి దున్నారు, కలిసి జబ్బుపడ్డారు, రోజూ తిట్టుకున్నారు.

ఎగతాళికి గెలిచినవాడు పదేళ్ళు నిజంగా పనిచేశాడు, అదీ విడ్డూరం! యోరోకి అక్షరం ముక్క రాదు. అయినా ఊరికి బోరింగు కావాలని ఫరాబె టౌన్‌హాల్ మెట్ల మీద మూడు రోజులు బైఠాయించాడు. నాలుగో రోజు మేయరు భార్యే, "ఆ ముసలాయన పాల కంపు భరించలేకపోతున్నాను, సంతకం పెట్టి పంపించెయ్యండి బాబూ" అందట. బోరింగు పడింది. పుట్టిన కాగితాల్లేని పిల్లలందరికీ కాళ్ళరిగేలా తిరిగి కాగితాలు తెచ్చిపెట్టాడు. వాళ్ళలో బోబోల పిల్లలే ఎక్కువ.

ఒక పొద్దున రేడియోలో ఎవరో సైన్యాధికారి గొంతు సవరించుకుని, అసెంబ్లీ లేదు, కౌన్సిళ్ళు లేవు, అన్నీ రద్దు అన్నాడు. దేశాన్ని కాపాడటానికేనట. కాపాడిన దేశం ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే దణ్ణం పెట్టాలి.

"చూశావురా బానిసా, నిన్నొక్కణ్ణి దింపడానికి ట్యాంకులు తేవాల్సొచ్చింది!" అని దోఫిని పగలబడి నవ్వాడు.

ఎన్నికలు వచ్చే ఏడాది అన్నారు. ఆ వచ్చే ఏడాది రానేలేదు. ఈలోగా అడవిలోంచి మోటారు సైకిళ్ళ మీద తుపాకులవాళ్ళు దిగారు. బడి మూయించారు, ఉపాధ్యాయుణ్ణి తరిమారు, పశువుల్ని తోలుకుపోయారు. వాళ్ళలో కొందరు ఫులానీ భాష మాట్లాడారు. దాంతో ఆ పాపమంతా పదకొండు ఇళ్ళ మెడకు చుట్టుకుంది. ప్రభుత్వం ఊళ్ళలో మగవాళ్ళ చేతికి తుపాకులిచ్చి స్వచ్ఛంద దళమంది. ఒక్కొక్కటిగా పది ఫులానీ ఇళ్ళు ఖాళీ అయ్యాయి. యోరో మాత్రం కదల్లేదు. "నాకు ఓటేసినవాళ్ళు నన్నేం చేస్తారు?" అన్నాడు.

ఒక గురువారం అతని పెద్దకొడుకు హమ్మా పొట్టేళ్ళను అమ్మడానికి ఫరాబె సంతకు బయల్దేరాడు. దారిలో దళంవాళ్ళు ఆపి పేరడిగారు. హమ్మా సిదిబే అన్నాడు. ఆ ఫులానీ పేరు చాలింది వాళ్ళకి. సంత నుంచి వచ్చిన కోలాకాయలమ్మే మనిషి సంగతి చెప్పగానే యోరో దోఫిని వాకిట్లోకి పరిగెత్తాడు.

"ఒరేయ్ బోబో కుక్కా, బండి తియ్యి. మన హమ్మాని పట్టుకుపోయార్రా!"

దళం కచేరీ ఇప్పుడు టౌన్‌హాల్లోనే. నాయకుడు లాసో, దోఫినికి స్వయానా మేనల్లుడు. మామయ్యను చూడగానే లేచి నిలబడ్డాడు. పక్కన బల్ల దగ్గర రాజధాని నుంచి వచ్చిన అధికారి ఒకడు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. అతనికి ఈ సీమ భాష రాదు, ఈ సీమ వరసలు అసలే తెలీవు. లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. అది హమ్మా దగ్గే. బతికే ఉన్నాడని యోరో గుండె కుదుటపడింది.

దోఫినికి బతిమాలడం ఒక్కలాగే వచ్చు.

"ఒరేయ్ లాసో, లోపల నా దూడ ఒకటుందట, కట్టు విప్పు."

"మామయ్యా, ఇది ఆటలాడే చోటు కాదు."

"ఆటేంట్రా! వీళ్ళ వంశమంతా దొంగలే. మా తాత ఆవుల్ని వీడి తాత తోలాడు, మా నాన్నవి వీడి నాన్న తోలాడు. అడవిలోవాళ్ళకి పాలు పోసేదెవరనుకున్నావ్? వీడి పెళ్ళామే! అయినా నా దొంగ, నా ఇష్టం. వీణ్ణీ వీడి కొడుకునీ చంపేస్తే రేపు నేనెవణ్ణి తిట్టుకోవాలి?"

లాసో ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. యోరోకి ప్రాణం లేచొచ్చింది. వరస తప్పకుండా తనూ అందుకున్నాడు.

"నిజమే అల్లుడూ, అన్నీ మేమే తోలుకుపోయాం. మీ మామ బుర్రలో బుద్ధి కూడా!"

అధికారి నవ్వలేదు. "ఏమంటున్నారు?" అని ఫ్రెంచిలో అడిగాడు. లాసో నవ్వుతూనే మాట పొల్లుపోకుండా ఫ్రెంచిలోకి మార్చి చెప్పాడు. అధికారి తాపీగా రాసుకుని, కాగితం ఇటు తిప్పి వేలిముద్రలు వెయ్యమన్నాడు.

"విడుదల కాగితమై ఉంటుంది, వెయ్యరా బానిసా," అన్నాడు దోఫిని. ఇద్దరూ వేశారు. రేపు పొద్దున పంపిస్తానని లాసో మాటిచ్చాడు. దారి పొడుగునా ఇద్దరూ తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఇల్లు చేరారు.

తెల్లారే లాసోని గస్తీకి వేరే ఊరు పంపేశారు. మధ్యాహ్నానికి హమ్మాతో సహా లోపలున్న ఆరుగురినీ లారీ ఎక్కించి ఏటి వైపు తీసుకెళ్ళారు. లారీ ఖాళీగా తిరిగొచ్చింది. శవాల్ని ఎవరికీ ఇవ్వలేదు.

ఆ కాగితంలో ఏముందో టౌన్‌హాల్ పాత గుమాస్తా జెర్బో చదివాడు. యోరోని చాటుకి పిలిచి, కళ్ళలోకి చూడలేక నేల చూస్తూ చెప్పాడు. "తరతరాలుగా దొంగల కుటుంబమని ఊరి పెద్ద మిల్లోగో సాక్ష్యం. తల్లి శత్రువులకు పాలు పోస్తున్నదని సాక్ష్యం. తండ్రి ఒప్పుకున్నాడు. కింద రెండు వేలిముద్రలు. అది చూసే పంపించేశారు, కౌన్సిలర్ గారూ."

యోరో ఇంటిదారి పట్టాడు. ఎవణ్ణి తిట్టాలి? నవ్విన లాసోనా? రాసినవాణ్ణా? ప్రాణం పెట్టి బతిమాలిన వాణ్ణా? తన నోటినా?

మూడో రోజు దోఫిని వచ్చాడు. చావింట్లో వరసైనవాడు చచ్చినవాణ్ణి వెక్కిరించాలి, ఏడ్చేవాళ్ళను నవ్వించాలి. అది వాడి బాధ్యత.

"ఏరా హమ్మా, దొంగ వెధవా! పొట్టేళ్ళనమ్మి వస్తానని చెప్పి అటే పోయావేరా?" అని మొదలుపెట్టి మధ్యలోనే భోరుమన్నాడు. ఎవరూ నవ్వలేదు. యోరో గాడిద బండిలోకి చాపలు, కుండలు ఎక్కిస్తున్నాడు.

"ఎక్కడికిరా? నోట్లో మాట లేదేంట్రా? మా బోబోలు చేశారని కోపమా? లాసోగాడి మొహాన ఉమ్మేశాను, తెలుసా! మన వరసలో కోపం లేదురా బానిసా, తిట్టు, నా ఏడు తరాలనీ తిట్టు!"

బండి కదిలింది. దోఫిని పక్కనే పరిగెత్తాడు. చెప్పు ఊడిపోయింది, తీసుకోలేదు. "ఒక్క తిట్టురా! ఒక్కటి తిట్టి పోరా!" అని అరుస్తూనే ఉన్నాడు. యోరో పళ్ళు బిగించి గాడిదను అదిలించాడు. కొంతసేపటికి ఆ అరుపు వెనకబడిపోయింది.

బండిలో కూర్చున్న అతని భార్య దిక్కో కళ్ళు తుడుచుకుంది.

"నీతో పుట్టినవాడికన్నా ఎక్కువ. ఒక్క మాట అనొచ్చుగా?"

"నోరు తెరిస్తే నిజం వచ్చేస్తుంది," అన్నాడు యోరో. "అది వింటే వాడు బతకడు. నావాళ్ళలో ఒక్కడైనా ఆ ఊళ్ళో మిగలనీ."