గేటు ముందు ఆగిన వైకుంఠ రథం

బక్కయ్య నల్లగొండ పల్లె నుంచి వచ్చి, హైదరాబాద్ మన్సూరాబాద్‌లో ఒక కాలనీ సంఘం వారి వైకుంఠ రథం నడిపేవాడు. శవాలంటే అతనికి ఎన్నడూ రోత లేదు. రోతంతా తాముండే సందు చివరి ఖాళీ ప్లాటు మీదే. అక్కడ తుక్కు వ్యాపారి తెల్లారకముందే టైర్లు, కరెంటు వైర్లు తగలబెట్టి రాగి తీసేవాడు. చలికాలంలో ఆ పొగ పైకి పోయేది కాదు. ఆరేసిన బట్టల్లో, వండిన అన్నంలో, గొంతులో అదే కంపు. ఉమ్మితే నల్లగా పడేది.

దీపావళి దాటిందంటే బండి ఆ సందుకే ఎక్కువ తిరిగేది. ముసలివాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, ఒకసారి పసిగుడ్డు కూడా. కాగితం మీద మాత్రం గుండెపోటనో నిమోనియా అనో రాసేవారు. కోడలు జ్యోతికకు ఊపిరాడక దవాఖానకు తీసుకుపోయినప్పుడు బక్కయ్య డాక్టరమ్మను అడిగాడు.

"గీ పొగతోటే సస్తున్నరా మేడమ్?"

"ఫలానా మనిషిని పొగే చంపిందని చెప్పలేం. కానీ గాలి పాడైన రోజుల్లో ఊళ్లో చావులు పెరుగుతాయి. అది లెక్కల్లో తేలిన మాటే."

ఆ ప్లాటు బాల్‌రాజ్‌ది. మన్సూరాబాద్ పల్లెగా ఉన్నప్పటి ఆసామి, ఇప్పుడు భూముల వ్యాపారం. పొగ తగలని చోట, ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. బక్కయ్య పోయి చేతులు జోడించాడు.

"కిరాయికిచ్చిన జాగ. ఆయనేం కాల్చుకుంటే నాకేంది?" అన్నాడు బాల్‌రాజ్, ఫోన్ నుంచి తలెత్తకుండా.

ఆ వారంలోనే పక్కింటి ఈరమ్మ పోయింది. జ్యోతిక కాన్పప్పుడు దగ్గరుండి చూసుకున్న మనిషి. ఆమెను శ్మశానంలో దించి, బక్కయ్య బండిని నేరుగా బాల్‌రాజ్ ఇంటికి పోనిచ్చాడు. లోపల అతని కూతురు వర్షను చూడటానికి పెళ్లివారు వచ్చి ఉన్నారు. గేటుకు అడ్డంగా రథం ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

బాల్‌రాజ్ ఉరికొచ్చాడు. "ఏందిరా గిది? మంచిపనికి సుట్టాలొస్తే పీనుగుల బండి తెచ్చి పెడ్తవా?"

"మీ పొగ మా ఇండ్లకు దినాం ఒస్తది పటేలా. మా బండి జరసేపు ఈడుంటే ఏమైతది?"

పెళ్లివారు ముఖాలు చిట్లించి లేచిపోయారు. మర్నాటికల్లా ప్లాటులో మంటలు ఆగాయి. పోయినవాళ్ల మీద జాలితో కాదు, అపశకునానికి జడిసి బాల్‌రాజ్ ఆ వ్యాపారిని ఖాళీ చేయించాడు. సంఘం పెద్ద సాంబమూర్తి, "మర్యాద తప్పావయ్యా" అని అతన్ని పనిలోంచి తీసేశాడు.

ఇప్పుడు బక్కయ్య ట్రాలీ ఆటో తోలుతున్నాడు. జ్యోతికకు కాస్త నిద్ర పడుతోంది. మొన్న బాలాపూర్ వైపు సరుకు దించడానికి పోతే, ఓ గోడ వెనక అదే వ్యాపారి, అవే టైర్లు. పక్కనే చాయ్ కొట్టు.

"ఎట్ల ఉంటున్నరే గీ కంపుల?" అని అడిగాడు.

"అలవాటైందన్నా" అన్నాడు కొట్టు మనిషి, గ్లాసు అందిస్తూ.

చాయ్ మీద నల్లటి నుసి తేలుతోంది. బక్కయ్య దాన్ని మోరీలో పారబోసి ఆటో ఎక్కాడు.