మిరప కోతల లారీ ఎక్కని పిల్ల

అన్నీ నాకే తెలుసనుకోవడం నా జబ్బు. బడిపంతుళ్లలో చాలామందికి ఉండేదే, నాకు కాస్త ఎక్కువ.

కోసిగి పక్కన నేను పాఠాలు చెప్పే ఊళ్లో, పత్తి ఏరడం అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు నాలుగు నెలల మిరప కోతలకు లారీ ఎక్కుతాయి. నా ఏడో తరగతి సగం ఖాళీ అవుతుంది. లెక్కల్లో నన్నే తికమక పెట్టే పిల్ల ఒకతి రెండేళ్లుగా అలాగే పోతోంది. ఈసారి కూడా పోతే ఇక బడి మొహం చూడదని నా భయం.

ఆ నాలుగు నెలలూ పిల్లలకు బళ్లోనే తిండీ పడకా పెడదామని పది పేజీల పథకం రాసి, ఊరి రచ్చకట్ట మీద మీటింగు పెట్టాను. రైతులొచ్చారు, అంగళ్ల వాళ్లొచ్చారు, భేష్ అన్నారు. వలసపోయే ఇళ్ల నుంచి ఒక్కరూ రాలేదు. ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఆ పిల్ల తల్లిని నిలదీశాను.

"ఆ కట్ట మింద మేమెప్పుడన్నా కూచున్న్యామా సార్?" అంది ఆమె నింపాదిగా.

సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్ల కులాన్ని ఆ కట్ట ఎక్కనివ్వరని కూడా గమనించకుండా, ఇన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉండి నేను చూసిందేమిటి?

పథకం ఇంట్లో పడేసి, వాళ్లు పత్తి ఏరే చేలోకే పోయాను. సద్ది తినేవేళ గట్టు మీద కూచుని, మీరే చెప్పండమ్మా అన్నాను.

"బిడ్డను ఈడ ఇడిసిపెడితే, ఆడ సంటిదాన్ని ఎవురు ఎత్తుకుంటారు సార్?" అని ఆ తల్లే అడిగింది.

నా పది పేజీల్లో చంటిపిల్లల మాటే లేదు. ఆ గట్టు మీద ఆడవాళ్లే అంతా తేల్చేశారు. చంటిపిల్లలు కూడా బళ్లోనే ఉంటారు. ఆ ఇళ్లలో ఊళ్లో మిగిలే అవ్వలు వాళ్లను చూసుకుని బడికంతటికీ వంట చేస్తారు. లారీ రాకముందే వంట మొదలైంది. వాళ్ల చేతివంట మా పిల్లలు తినాలా అని అంగడాయన ఒకరు నసిగితే, "తినకుంటే ఇంటికాడ తినమనప్పా" అంది ఒక అవ్వ. వారం తిరక్కుండా ఆయన మనవరాలు ఆ పంక్తిలోనే కూచుని రెండోసారి చారు పోయించుకుంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

లారీ రానే వచ్చింది, బడి గేటు ముందే ఆగింది. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ తలలు లెక్కపెట్టుకుని, "నీ పెద్దబిడ్డ యాడమ్మా?" అన్నాడు.

"బడిలో ఉండాది. నువ్వు బండి పోనీప్పా" అంది ఆ తల్లి లారీ పైనుంచి.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గేటు లోపల ఆ పిల్ల లారీ కనుమరుగయ్యేదాకా నిలబడి, చంకలోని చెల్లెల్ని అవ్వ చేతికిచ్చి క్లాసులోకి నడిచింది.