పెట్టని సంతకం

1990 జూన్ నెలాఖరున బొంబాయి హ్యాంగర్‌లో సీనియర్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజినీరుగా నా ఉద్యోగం ముగిసింది. ఆగస్టులో సామానుతో సహా బిలాస్‌పూర్ చేరాం. రాజ్‌కిశోర్ నగర్‌లో అప్పటికి ఇళ్ళ కంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ. మా ఆవిడ కామేశ్వరి గేటు తాళం తీస్తూ, “ఇదే మీ ఆఖరి పోస్టింగు. ఇక్కణ్ణించి ట్రాన్స్‌ఫరు లేదు, షిఫ్టు డ్యూటీ లేదు, పై అధికారిని నేనే” అంది. నవ్వాను గానీ ఆ ‘ఆఖరి’ అన్న మాట నాకు నచ్చలేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఈ ఊరు వచ్చినవాడు. అన్నయ్య అప్పలనర్సయ్య అదే రైల్వేలో మెయిల్ డ్రైవరుగా రిటైరై నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మా ఇంట్లో పట్టాలు వదిలిపెట్టి విమానాల వైపు వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఊళ్ళో మన తెలుగువాళ్ళందరికీ నేను విమానం నడిపినవాణ్ణి. నడపలేదండీ, నడిపేవాళ్ళకు బాగుచేసి అప్పగించేవాణ్ణి అని మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. తర్వాత మానేశాను.

ఆ అప్పగింత గురించి కాస్త చెప్పాలి. విమానంలో టెక్ లాగ్ అని ఒక పుస్తకం ఉంటుంది. ప్రయాణంలో కనబడిన లోపాన్ని పైలట్ అందులో రాస్తాడు. దాన్ని సరిచేసిన ఇంజినీరు ఏం చేశాడో కింద రాసి, తన లైసెన్సు నంబరు వేసి సంతకం పెడతాడు. ఆ సంతకం పడేదాకా విమానం కదలకూడదు. లైసెన్సు కూడా అన్ని విమానాలకూ కలిపి ఒకటే ఇవ్వరు. ఏ రకం విమానానికి పరీక్ష పాసయితే ఆ రకానికే సంతకం చెల్లుతుంది. నాది పెద్ద జెట్ విమానాల లైసెన్సు. రిటైరయ్యాక దాన్ని రెన్యూ చేయించలేదు, ఇంక దేనికని.

ఉద్యోగం పోయింది గానీ దాని భయం పోలేదు. ఏదో వదిలేసి వచ్చానని అస్తమానం అనిపించేది. తలుపు గడియ పెట్టి మళ్ళీ వెళ్ళి చూసేవాణ్ణి. గ్యాస్ కట్టేశానని కామేశ్వరి చెప్పినా వంటింట్లోకి వెళ్ళి స్వయంగా తిప్పి చూసేవాణ్ణి. “నా పని మీద ఇన్‌స్పెక్షన్ ఏటండీ” అని ఆమె కసురుకునేది. మధ్యాహ్నాలు మరీ కష్టంగా ఉండేవి. చేతులకు పని ఉండేది కాదు. ఎవరైనా వచ్చి ఒక్కసారి రావయ్యా, నువ్వు చూడాలి అంటే బాగుండునని ఆశపడేవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నాను, అలాంటి పిలుపు కోసం కాచుకుని ఉన్నాను.

ఆ పిలుపు మరుసటి ఏడు వానాకాలంలో వచ్చింది. భోజనాలయ్యాక ఒక జీపు మా గేటు ముందు ఆగింది. అందులోంచి అన్నయ్య దిగాడు, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేదు. వెనకాల ఒక కంపెనీ మేనేజరు. అన్నయ్య అల్లుడు సూర్యనారాయణ ఆ కంపెనీలో జూనియర్ ఇంజినీరు. ఊరికి దూరంగా వాళ్ళు కట్టిస్తున్న ప్లాంటులో ఆ పొద్దున ఇనుప దూలం జారి అతని కుడి మోకాలి మీద పడింది. లోపల రక్తనాళం చితికిందని, దాన్ని కలపగలిగే సర్జను నాగపూర్‌లో ఉన్నాడని, సాయంత్రం లోపల చేరితే కాలు దక్కుతుందని, ఆలస్యమైతే తీసేయాల్సి వస్తుందని ఇక్కడి డాక్టరు చెప్పేశాడు. రైల్లో అయితే రాత్రికి గాని చేరరు. అదృష్టవశాత్తూ కంపెనీ డైరెక్టర్లను తీసుకొచ్చిన చిన్న విమానం ఊరి బయటి రన్‌వే మీద ఉంది. కానీ దాని కుడి ఇంజనులోంచి ఆయిల్ కారిందని పైలట్ లాగ్‌లో రాశాడు. ఇంజినీరు సంతకం లేనిదే తీయనంటున్నాడు.

“మా తమ్ముడున్నాడని సెప్పాను. ఇంకేటి సూస్తావు, ఎక్కు” అన్నాడు అన్నయ్య.

నేను ఎక్కాను. నా లైసెన్సు సంగతి దారిలో చెప్పబోయాను. మేనేజరు హిందీలో, అవన్నీ తర్వాత చూసుకుందాం సాబ్, మీ అనుభవం ముందు కాగితం ఎంత అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఏడాదిగా నాకు ఎవరూ అలాంటి మాట చెప్పలేదు మరి.

రన్‌వే పక్కన గడ్డిలో అంబులెన్సు నిలబెట్టి ఉంది. లోపల సూర్యనారాయణ స్ట్రెచరు మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాదం రంగు మారింది. పక్కన అతని భార్య, మా అన్నయ్య కూతురు సావిత్రి. నన్ను చూడగానే, “చిన్నాన్నా, కుచ్ తో కరో, ఏదో ఒకటి చెయ్యి, జల్దీ” అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకుని విమానం దగ్గరికి వెళ్ళాను.

రెండింజన్ల చిన్న విమానం. అలాంటిది నేను చదువుకునే రోజుల్లో ముట్టుకున్నాను, అంతే. కుడి ఇంజను మీది రేకు మూత తీసి, ఆయిలంతా గుడ్డతో తుడిచాను. పైలట్‌ను ఇంజను తిప్పమన్నాను. కాసేపు తిరిగాక ఆపించి టార్చి వేసి చూశాను. ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు పోయే గొట్టం, దాని ఇత్తడి బిగింపు దగ్గర మళ్ళీ చెమ్మ తేలింది. నట్టు కాస్త బిగించి ఇంకోసారి తిప్పించాను. చెమ్మ తగ్గింది, పూర్తిగా పోలేదు. బిగింపులో వెంట్రుకంత చీలిక ఉందేమోనని అనుమానం. భూతద్దం పెట్టి చూసినా అది గీతో చీలికో నాకు తేలలేదు. ఆ గొట్టానికి బెత్తెడు దూరంలోనే ఇంజను పొగగొట్టం పోతోంది. ఎగురుతుండగా చీలిక పెరిగితే ఎర్రగా కాలిన ఆ పొగగొట్టం మీద ఆయిల్ చిమ్ముతుంది. అప్పుడు రెండో ఇంజను ఉందన్న ధైర్యం పనికిరాదు. అది ఇంజను ఆగిపోయే ప్రమాదం కాదు, మంట అంటుకునే ప్రమాదం.

పైలట్ మర్యాదస్తుడు. మీరు సంతకం పెడితే నేను తీసుకెళతాను సార్ అన్నాడు. అతనికీ వెళ్ళాలనే ఉంది. తన భయం దించుకోవడానికి నా పేరు కావాలి. నేను అతని వైపు చూడలేకపోయాను.

అన్నయ్య నా పక్కకు వచ్చాడు. జీవితమంతా ఇంజన్ల మీద గడిపిన మనిషి, చెమ్మను తనూ చూశాడు. “ఇదేటిరా, ఇంతేనా? ఇలాటి లీకులతో నాను ఎన్ని బండ్లు లాగలేదు! నెమ్మదిగా లాగి ముందు టేషన్లో పడేసి, షెడ్డుకెళ్ళాక రిపేరుకి బుక్ సేసీవోణ్ణి. రెండు టేషన్ల నడుమ సెక్షన్లో బండి ఆపీకూడదు, లైను కిలియర్ సెయ్యాల, అదీ డూటీ. నాగపూరు దాకా లాగించి, అక్కడ బాగు సేయించుకోమను” అన్నాడు.

ఆయన చెప్పింది రైల్వేలో అక్షరాలా నిజం. అక్కడ దెబ్బతిన్న బండినైనా ఈడ్చుకుంటూ తర్వాతి స్టేషనుకు చేర్చినవాడే మంచి డ్రైవరు. నేను ఆ ఇంట్లో పుట్టినవాణ్ణే, ఆ మాట చెవిన పడగానే చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయింది. గొట్టం గంటసేపు ఓర్చుకుంటుందని మనసులో ఒక పక్క గట్టిగా అనిపిస్తోంది. ఓర్చుకోదని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. ఆ కుర్రాడి పాదం మాత్రం నిమిషాల మీద నల్లబడుతోంది.

“అన్నయ్యా, మధ్యలో ఆపుకోడానికి అక్కడ స్టేషను లేదు” అన్నాను.

“నీకు సంతకం ఎట్టడం రాదా, లేపోతే ఎట్టవా?”

“పెట్టను.”

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. జీపెక్కి నేరుగా స్టేషన్‌కు వెళ్ళి, రైల్వే కంట్రోలు ఆఫీసులో తనకు తెలిసినవాళ్ళను బతిమాలి, నాగపూర్ వైపు వెళ్ళే మెయిల్లో స్ట్రెచరుకు చోటు సంపాదించాడు. నేనూ ఆ రైల్లోనే వెళ్ళాను. దారి పొడవునా నాతో ఎవరూ మాట్లాడలేదు. బండి ఎక్కడ నెమ్మదించినా కిటికీలోంచి తొంగి సిగ్నల్ చూసేవాణ్ణి. సావిత్రి ఆ పాదాన్ని దుప్పటి కింద తడుముతూ కూర్చుంది. నాగపూర్‌లో ఆ రాత్రే మోకాలి పైకి కాలు తీసేశారు.

మూడో రోజు కంపెనీ ఇంజినీరు వేరే ఊరి నుంచి వచ్చి గొట్టం మార్చేశాడట. పాతది ఏమైందని మనిషిని పంపి అడిగించాను. పారేశారు. గంట ప్రయాణానికి అది ఏమీ అయ్యేది కాదేమోనని అతను మేనేజరుతో అన్నాడని మాత్రం తెలిసింది. ఆ ‘ఏమో’ నాతో ఇన్నేళ్ళుగా ఉంది. చీలికో గీతో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత నెలలు చాలా చెడ్డగా గడిచాయి. అన్నయ్య మా ఇంటి గుమ్మం తొక్కలేదు. బజార్లో ఎదురుపడితే రోడ్డు దాటేవాడు. ఏటమ్మా, మీ మరిది విమానాలాయన కదా, సాయం చెయ్యలేదా అని మనవాళ్ళు వదినను అడిగేవారట. నేను బయటికి వెళ్ళడం మానేశాను. అన్నం సహించేది కాదు. సంతకం పెట్టినట్టూ, విమానం పొగతో దిగినట్టూ ఊహించుకుని, పోనీలే మంచిపనే చేశానని సర్దిచెప్పుకునేవాణ్ణి. మరుక్షణం అది క్షేమంగా దిగినట్టు, అతను రెండు కాళ్ళ మీద నడిచి వస్తున్నట్టు కనబడేది.

చివరకు సూర్యనారాయణే వచ్చాడు. చంకకర్రలతో రిక్షా దిగి, వసారాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కామేశ్వరి మంచినీళ్ళు ఇచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టాడు.

“చినమావయ్యా, ఒక మాట అడగడానికొచ్చాను. ఆ స్ట్రెచరు మీద నేను కాకుండా ఎవరో దారినపోయేవాడు ఉంటే, మీరు సంతకం పెట్టేసీవారా?”

“లేదు” అన్నాను.

“ఆ కంపెనీ డైరెక్టరైతే?”

“వాడికైనా పెట్టను.”

“అచ్ఛా. అయితే సరే. నా ఒక్కడి విషయంలోనే వెనకాడారని మావయ్య అంటున్నారు. అదొక్కటే నమిలేస్తోంది నన్ను” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అతని ముందే ఏడ్చాను. కాలు సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

కుర్రవాళ్ళు ఈ వృత్తి గురించి అడుగుతుంటారు కాబట్టి ఆ వ్యవహారంలో నేను తెలుసుకున్నది చెప్పి ముగిస్తాను. సర్వీసులో ఉండగా ఎన్నో విమానాలను ఆపాను. ప్రయాణికులు తిట్టారు, ఎయిర్‌పోర్టు మేనేజర్లు బల్లలు గుద్దారు, నేను ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. ధైర్యం నాదనుకునేవాణ్ణి. నిజానికి అప్పుడు నేను కాదన్నప్పుడల్లా నా వెనక రూల్సు, చీఫ్ ఇంజినీరు, కంపెనీ వరసగా నిలబడి ఉండేవి. రిటైరయ్యాక చదువు మిగిలింది, కన్ను మిగిలింది, వెనక నిలబడేవాళ్ళు మిగల్లేదు. నా జీవితం మొత్తంలో నేను ఒక్కణ్ణే నిలబడి కాదన్నది ఆ ఒక్కసారే, అదీ ఉద్యోగం లేనప్పుడు. మళ్ళీ అడిగినా ఆ మాటే అంటాను. నిద్ర పడుతుందని మాత్రం ఎవరికీ హామీ ఇవ్వను.