ఎర్రతోక రొయ్య

పోయిన శనివారం మా ఎదురింటివాళ్లు గేటుకు రంగు వేయించారు. పొద్దుటి నుంచే పెయింటు వాసన, అందులో కలిపిన టర్పెంటైన్ ఘాటు, మా వరండా దాకా వచ్చి తిష్ఠ వేశాయి. ఇంట్లోవాళ్లందరూ ముక్కులు మూసుకుని కిటికీ రెక్కలు బిగించుకుంటే, నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని బయటే నిలబడ్డాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు డిసెంబరు నెలా, మైపాడూ, మా పెదనాన్న మోకాళ్ల మీది రంగు మరకలూ, క్రిస్మస్‌కు మా పెద్దమ్మ నూనెలో వేయించే గులాబి పూల పిండివంట కమ్మదనమూ అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. వాటి వెంటే వాళ్లమ్మాయి సుగుణ గుర్తొస్తుంది. సుగుణ గుర్తొస్తే కడుపు మండుతుంది. నలభై దాటినదాన్ని, కూతురు కాలేజీకి పోతోంది, అయినా మండుతుంది. దాచుకోవడమెందుకు?

మైపాడు బీచ్ దగ్గర పార్కులో ఒక సిమెంటు రొయ్య ఉండేది. నెల కిందట దాన్ని తీసేశారు. ఆ చోట పిల్లలకు నీళ్లాటల కొలను కడతారట. జేసీబీ దాని నడుం మీద పన్ను ఆనించిన వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పడ్డ రోజు మూడుసార్లు చూసి, అన్నం సగంలో వదిలేసి లేచాను. ఇక అప్పటి నుంచి అందరిదీ ఏడుపే. నెల్లూరువాళ్లు, కావలివాళ్లు, ఎక్కడో బెంగుళూరులో స్థిరపడ్డవాళ్లు, ఆ రొయ్య మీసాల కింద నిలబడి తీయించుకున్న పాత ఫోటోలు పెట్టెల్లోంచి తవ్వి తీసి, మా రొయ్య, మా బాల్యం అని రాసుకున్నారు. మీ రొయ్య ఏమిటి? ఏడాదికొకసారి బస్సు దిగి, దాని నోట్లోంచి రెండుసార్లు జారి, మొక్కజొన్న కండె కొరుక్కుంటూ వెళ్లిపోయినవాళ్లకు అది సొంతం ఎప్పుడైంది? ఫోటో ఉన్న ప్రతివాళ్ల మీదా నాకు ఒళ్లు మండింది. నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు.

వీటన్నిటినీ ఓర్చుకున్నాను గానీ, సుగుణ వీడియో చూశాక ఓర్చుకోలేకపోయాను. ఎవరో యూట్యూబ్ చానెల్‌వాళ్లు దాన్ని ఆ పార్కు ముందు నిలబెట్టి మాట్లాడించారు. మంచి చీర కట్టుకుంది, తలలో పూలు పెట్టుకుంది. "మా నాయన పెయింటరండి. ఆ రొయ్యకు ఏటేటా రంగులేసింది మా నాయనే. ఒక ఏడు నేను తోకకు ఎర్రరంగు పూసేసినా. ఊరంతా గగ్గోలు పెట్టినారు" అని చెప్పి పకపకా నవ్వింది. కింద జనం రాసిన మెచ్చుకోళ్లు చదివి చదివి నా కళ్లు లాగాయి. ఎందుకంటే ఆ తోకకు ఎర్రరంగు పూసింది సుగుణ కాదు, నేను. అంత పెద్ద రొయ్యలో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ తోక ఒక్కటే.

మా నాన్నది బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం. రైల్వే కాలనీలో ఎర్రటి పెంకులూ, వెడల్పాటి వరండాలూ ఉన్న క్వార్టర్సులో పెరిగిన నాకు, డిసెంబరు సెలవులంటే రైల్లో నెల్లూరు వచ్చి అక్కణ్నుంచి మైపాడు బస్సెక్కడమే. వానలు అప్పుడప్పుడే వెనకపట్టు పట్టి ఉండేవి. రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు, తడి గట్ల మీద కొంగలు, బస్సు కిటికీలోంచి కొట్టే బురదా ఉప్పూ కలిసిన గాలి, ఇవన్నీ దాటుకుంటూ పోతుంటే సరుగుడు తోపు మీదుగా ముందు రెండు మీసాలు కనపడేవి. ఇంకా సముద్రం కనపడక ముందే రొయ్య కనపడేది. ఆ మీసాలు చూడగానే బస్సులో పిల్లలందరూ లేచి నిలబడేవాళ్లు, నాకేమో వాళ్లందరినీ కూర్చోబెట్టి నేనొక్కదాన్నే చూడాలనిపించేది.

రొయ్యల్లో డబ్బు చూసిన ఒక ఆసామి, ఆ సంబరంలో కట్టించిన పార్కు అది. ఊయలలు, తిరిగే గుర్రాలు అన్ని చోట్లా ఉండేవే. రొయ్య మాత్రం అక్కడే ఉండేది. రెండంతస్తుల మేడంత ఎత్తు, వంగిన వీపు, సిమెంటు కాళ్లు, ఇనప చువ్వలతో చేసిన మీసాలు. తోక దగ్గర చిన్న వాకిలి ఉండేది. లోపల చీకట్లో, ఉప్పు తడికి చెమ్మగిల్లిన గోడ తడుముకుంటూ మెట్లెక్కి, తల దాకా వెళ్లి కూర్చుంటే, ఎవరో వెనక నుంచి తోస్తే, జర్రుమని రొయ్య నోట్లోంచి బయటి ఇసుకలో పడేవాళ్లం. పడ్డ వెంటనే లేచి, పావడాలో ఇసుక దులుపుకోకుండానే మళ్లీ తోక దగ్గరికి పరుగెత్తేవాళ్లం.

సముద్రపు గాలికి ఏ రంగూ ఏడాది నిలిచేది కాదు. అందుకని క్రిస్మస్ జనం రాకముందే నాలుగు రోజులు పార్కు మూసి, మా పెదనాన్న చేత రొయ్యకు రంగులేయించేవాళ్లు. ఆయన పడవల మీద పేర్లు, కొట్ల బోర్డులు, చర్చి గోడల మీద అక్షరాలు రాసేవాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఇనప బ్రష్షుతో పెచ్చులు గీకి, మీసాల చువ్వలకు తుప్పు పట్టకుండా ఎర్రటి రెడాక్సైడ్ పూసి, అది ఆరాక పైన నల్లరంగు వేసేవాడు. ఒంటికేమో గుంటలోని రొయ్యకుండే బూడిద పచ్చ, దాని మీద నల్లచారలు. అంతా అయ్యాక కళ్లు మిగిలేవి. ఆ కళ్లు సుగుణ వేసేది. నాకంటే ఆరు నెలలు పెద్దది, అంతే. పరంజా మీద నిలబడ్డ తండ్రి భుజాల మీదెక్కి, నాలుక బయటపెట్టి, రెండు నల్లటి గుండ్రాలు దిద్ది, వాటిలో తెల్లచుక్క పెట్టేది. ఆ చుక్క పెట్టగానే రొయ్యకు చూపు వచ్చేది, అది సుగుణనే చూసేది. నేను కింద నిలబడి, టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డపేలిక పట్టుకుని ఉండేదాన్ని.

ఆ నాలుగు రోజులూ నాకు ఎంత కుళ్లుగా ఉండేదో చెప్పలేను. మధ్యాహ్నం పెద్దమ్మ రొయ్యలూ మామిడికాయా కలిపి వండిన కూర పెట్టినా, సాయంత్రం ఇసుకలో ఎండ్రకాయల బొరియల వెంట పడినా, ఇంటి ముందు కట్టడానికి రంగుకాగితాల నక్షత్రం అంటించినా, నా కళ్లు సుగుణ జడకంటిన రంగు మీదే ఉండేవి. పండగనాడు పార్కు తెరిచేవాళ్లు. మా నాన్న నా ఒక్కదానికే టిక్కెట్టు కొనేవాడు. "సుగుణకెందుకూ, వాళ్ల నాయన పార్కేగా, ఎప్పుడంటే అప్పుడు జారద్ది" అనేవాడు. సుగుణ కంచె బయట నా చెప్పులు పట్టుకుని నిలబడేది. రోజూ జారీ జారీ దానికి మొహం మొత్తిందనుకుని, ఆ మొహం మొత్తడాన్ని చూసి కూడా నేను అసూయపడ్డాను.

నా పదో ఏట, తోక ఒక్కటే మిగిలి ఉందనగా, చర్చి నుంచి పెదనాన్నకు పిలుపొచ్చింది. గోడ మీద అక్షరాలు అర్జంటుగా దిద్దాలన్నారు. "తోకకు బూడిదరంగు మీరిద్దరూ పుయ్యండి. గుడ్డలకు అంటించుకోబాకండి" అని చెప్పి సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరగగానే నేను బూడిదరంగు డబ్బా వదిలేసి, మీసాలకు పూయగా మిగిలిన రెడాక్సైడ్ డబ్బా తీసుకున్నాను. ఎర్రతోకైతే బస్సులోంచి అందరికీ కనపడుతుంది, అది నేను పూసిన తోక అవుతుంది, సుగుణ కళ్లను ఎవరూ చూడరు. ఇదీ నా లెక్క.

"మే విజ్జీ, అది పుయ్యబాక. ఎర్రరొయ్యంటే చచ్చిన రొయ్య" అంది సుగుణ.

"కూరలో ఎర్రగానే ఉంటది గదా?"

"కూరలోది చచ్చిందే గదే!"

అది ఓర్వలేక అంటోందనుకున్నాను. రైల్వే కాలనీలో పెరిగిన నేను అప్పటికి బతికున్న రొయ్యను ఒక్కదాన్ని కూడా చూడలేదు. నాకు తెలిసిన రొయ్య బాణలిలో ముడుచుకుని ఎర్రగా ఉండేదే. పొద్దు వాలే దాకా కూర్చుని, తోక రెక్కలన్నిటికీ దట్టంగా పూశాను. సుగుణ దూరంగా గట్టు మీద కూర్చుని చూసింది.

తెల్లవారి గుంటలకు మేత తీసుకుపోతున్న మోపెడ్లు ఒక్కొక్కటే పార్కు ముందు ఆగిపోయాయి. ఆ ఏడు గుంటల్లో తెగులు తిరుగుతోంది. రొయ్యకు తెగులు తగిలితే ముందు తోక ఎర్రబడుతుందని ఆ మనుషులకు తెలుసు; రోజూ గట్టు మీద వంగి, వలలో పైకి తీసిన రొయ్యల తోకలు చూసుకుంటూ ప్రాణాలు బిగబట్టుకుని ఉన్నవాళ్లు. వాళ్ల దారిలో, మేడంత రొయ్యకు, ఎర్రతోక. ఒక ముసలాయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి రోడ్డు పక్కనే కూలబడ్డాడు. ఇంకొకాయన పార్కు ఆసామిని పిలిపించి, మా కడుపులు కొట్టడానికే పూయించినావా అని కేకలేశాడు. ఆసామి పెదనాన్న మీద పడ్డాడు. పెదనాన్న మా ఇద్దరి వైపూ తిరిగి, "ఎవురు పూసింది?" అని అడిగాడు.

నా గోళ్ల సందుల్లో ఇంకా ఎర్రరంగు ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "నేనే పూసినా" అంది సుగుణ. అంత జనంలో పెదనాన్న దాని చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఆయన దాన్ని కొట్టడం నేను చూడడం అదే మొదలు. మధ్యాహ్నానికల్లా తోక మళ్లీ బూడిదరంగులోకి వచ్చేసింది. చుట్టపు పిల్లనని పెద్దమ్మ నాకు వేడివేడి గులాబి పూలు పళ్లెంలో పెట్టి ఇచ్చింది, తిన్నాను కూడా. సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. కానీ ఆ సాయంత్రం బజారంతా సుగుణ చేసిన పని, సుగుణ ఎర్రతోక అని చెప్పుకుంటుంటే, నాకు కలిగింది అసూయే. తర్వాతి వేసవిలో మా నాన్నకు దూరం బదిలీ అయింది. డిసెంబరు సెలవులకు మైపాడు రావడం అంతటితో ఆగిపోయింది.

తెగులు పోయాక ఆ గగ్గోలే జోకైంది. మా వైపు ఏ పెళ్లిలో పదిమంది చేరినా, విస్తళ్ల ముందు ఆ కథ వచ్చేది. ఎర్రతోక సుగుణ అని ముద్దుపేరు కూడా పెట్టారు. అందరూ దాన్ని చూసి నవ్వుతుంటే, నేనూ నవ్వుతూ సాంబారు కలుపుకునేదాన్ని. తోక నాదని ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో.

అందుకే ఆ శనివారం గ్లాసు గోడ మీద పెట్టేసి, మైపాడు బస్సెక్కాను. తోక నాదని ఒక్క మనిషి చేతనైనా ఒప్పించాలని. పెదనాన్న పోయి నాలుగేళ్లయింది, పెద్దమ్మ అంతకు ముందే పోయింది. సుగుణ వాళ్లింట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. నన్ను చూసి మెడలో టేపు కూడా తీయకుండా లేచి, "పార్కు కాడికి పోదాం రా" అని తీసుకుపోయింది. కంచె పడిపోయి ఉంది, అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు.

"వీడియోలో అట్టా చెప్పినావేందే? తోక పూసింది నేను గదా?" అన్నాను.

సుగుణ ఆశ్చర్యపోలేదు. "నువ్వే. కాదన్నదెవురు? నీ పేరు చెప్తే, మరి దెబ్బ నాకెందుకు పడిందని అడుగుతారు. నువ్వేం చెప్తావు?"

 ఆ మాట పక్కకు నెట్టి ఎదురు దెప్పాను. "నీకేం, రొయ్య మొత్తం నీదే. ఎన్నిసార్లు జారుంటావో."

"నేనెప్పుడు జారినా?" అంది. "నన్ను లోపలికి రానిచ్చింది ఆ నాలుగు రోజులే. అప్పుడేమో రంగు తడి, జారితే మా నాయన పనంతా పాడయిపోద్ది. ఆరినాక టిక్కెట్టు. తోక సంగతి జరిగినాక ఆ ఆసామి నన్ను గేటే దాటనియ్యలా. మా నాయనొక్కడే పోయి కళ్లు గూడా ఆయనే పెట్టేవాడు."

"పెద్దయినాక?"

"పెద్దయినాక పిలకాయల్ని జారిస్తాం గానీ, మనం జారతామా? నువ్వు నోట్లోంచి కేకలేస్తా బయటపడతుంటే, నీ చెప్పులు సముద్రంలోకి ఇసిరేద్దామన్నంత కుళ్లుగా ఉండేది నాకు." ఇన్నేళ్లూ ఆ కుళ్లు నా ఒక్కదాని సొత్తే అనుకున్నాను, అందులోనూ అదే నాకంటే ముందుంది. అది నా మోచెయ్యి పట్టుకుని, పదేళ్ల పిల్లలాగా అడిగింది: "లోపల ఎట్టుంటది విజ్జీ?"

చెప్పబోయాను. చీకటిగా ఉంటుందని, గోడ చల్లగా ఉంటుందని, పైన కూర్చున్నాక ఒక్క క్షణం ఎవరూ తోయకుండా ఉంటే బాగుండుననిపిస్తుందని. దాని చెయ్యి పట్టుకుని, "చెప్తే తెలీదు, పద, ఒకసారి జారుదువు గానీ" అన్నాను. నిజంగానే అన్నాను, రెండడుగులు ముందుకు లాగాను కూడా. ముందంతా చదును చేసిన ఇసుక, దాని మీద ట్రాక్టరు చక్రాల గుర్తులు, ఆ అవతల సముద్రం.

"యాడికి?" అంది సుగుణ.