కదిలితే కనిపించే పసుపు

మా మేనత్త పోయిందని మంగళవారం పొద్దున ఇపో నుంచి ఫోను వచ్చింది. తొంభై దాటిన మనిషి. పిల్లలు లేరు, ఏడవడానికి పెద్దగా ఎవరూ లేరు. ఫోను పెట్టేశాక నాకు ముందుగా గుర్తొచ్చింది, మలయాకి స్వతంత్రం వచ్చిన మెర్డెకా ఏడాది మా ఇంట్లో వెలుగుతున్న దీపం ముట్టుకొని ఆమెకి ఇచ్చిన ఒక మాట. ఆ మాట వారం కూడా నిలవలేదు. దాని సంగతి వదిలేసి ఆమె గురించి మంచిమాటలు రాయడం నాకు చేతకాదు. మంచిమాటలు సంతాపసభలో సరిపోయినన్ని చెప్పేశారు.

ఆ సభకి నేనూ వెళ్ళాను. బతికుండగా ఆమె గడప తొక్కని తెలుగు సంఘం అధ్యక్షుడు ఆమెను కళామతల్లి అన్నాడు. తర్వాత ఒక కుర్రాడు మైకు పట్టుకొని, ముసలమ్మలని ఇక్కడ పిలిచే అరవ పిలుపుతో, "పాటీ చాలా సింపుల్ లా" అన్నాడు. ఆమెంత గర్విష్ఠిని నేను ఈ దేశంలో ఇంకొకరిని చూడలేదు. ఆ కుర్రాడు ఒంటికి అతుక్కునే సాగుడు చొక్కా వేసుకున్నాడు. చెయ్యి ఊపినప్పుడల్లా భుజం దగ్గర నలుపులోంచి ఎర్రగీతలు విచ్చుకుంటున్నాయి. ఏ మిషన్లో అచ్చయిందో. అలాంటి గుడ్డ మన చుట్టుపక్కల మొదట తయారుచేసిన మనిషి ఫోటో పక్కనే నిలబడి వాడు ఆమె వంటను మెచ్చుకున్నాడు. ఆమె వంట ఏమీ బాగుండేది కాదు.

అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టు గెరిల్లాలకి తిండీ గుడ్డా అందకూడదని మా ఎస్టేటులో కూలీల ఇళ్ళ వరసల, అంటే లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దగ్గర పోలీసులు మూట విప్పందే మనిషిని వదిలేవాళ్ళు కాదు. మా నాన్న ఎస్టేటు ఆఫీసులో పెద్ద కిరాణి, అంటే గుమాస్తాలకి పెద్ద. అత్త ఆయన చెల్లెలు. రబ్బరు చెట్లు గీసేవాణ్ణి ఇష్టపడి చేసుకుంది, అతను పోయాక కూడా లైన్లలోనే ఉండిపోయింది. కిరాణి చెల్లెలు కూలీల మధ్య ఉండడమే ఆయనకి నామోషీ. పైగా గుడ్డలకి రంగులు వేసే పనితో ఆమె చేతులు మోచేతుల దాకా నీలం. మా ఇంటికి ఎవరైనా పెద్దమనిషి వస్తే, "చేతులు పమిట్లో పెట్టుకో" అని నాన్న గొంతు తగ్గించి చెప్పేవాడు. ఆ అలవాటు ఆమెకి చివరిదాకా పోలేదు. మొన్నమొన్నటి వరకూ, చేతులకి ఏ రంగూ లేని వయసులో కూడా, తలుపు చప్పుడైతే చాలు, అవి పమిట్లోకి వెళ్ళిపోయేవి.

ఆమె చేసిన పని చెబుతాను. బనియన్లు కుట్టే అల్లిక గుడ్డ లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. రబ్బరు పంపే పెట్టెల చెక్కలతో ఆమె ఒక చట్రం కొట్టించింది. గుడ్డను చిరిగిపోతుందేమో అన్నంత లాగి, దానికి మేకులతో బిగించి, మరిగే పసుపు రంగులో ముంచేది. అల్లిక తెరుచుకొని ఉంటుంది గనక రంగు లోపలిదాకా పోయేది. ఆరాక మేకులు విప్పి, ముడుచుకున్న గుడ్డ మీద జిగురు కలిపిన ముదురు నీలం పైపైన అద్దేది. నిలబడి ఉంటే అది ఉత్త నీలం గుడ్డ. చెయ్యి చాపితే, నడుం తిప్పితే, నీలం గీతలుగా చీలి లోపలి పసుపు బయటపడేది. చెయ్యి దించగానే మూసుకునేది.

"నిలబడ్డప్పుడు అవుపించే రంగు ఎవుడైనా ఏస్తాడు. కదిలితే అవుపించే రంగు నేనేసినాను" అనేది. అడగనివాళ్ళకి కూడా చెప్పేది.

ఒకరోజు ఆ గుడ్డ చుట్ట పట్టుకొని మేమిద్దరం ఇపో బయల్దేరాం. నేను అప్పుడు ఎస్టేటు బడిలో పంతులుని. గేటు దగ్గర మలయ్ కానిస్టేబులు ఆపాడు.

"ఇంత బనియన్ గుడ్డ ఎవరికి? అడవిలో వాళ్ళకా?"

అత్త వచ్చీరాని మలయ్‌లో జవాబిచ్చింది. "అడవిలో ఇది వేసుకున్నవాడు చెయ్యెత్తితే చాలు, నువ్వు గురి చూసుకోనక్కర్లేదు" అని గుడ్డను రెండు చేతులతో లాగింది. అతను తుపాకీ భుజానికి తగిలించుకొని, లోపల కూర్చున్నవాళ్ళను కూడా పిలిచాడు. మళ్ళీ లాగమన్నాడు. "లాగను. మెర్డెకా ఊరేగింపుకి రా, మనుషుల మీద చూద్దువు గాని" అంది. అతను నవ్వి గేటు తీశాడు. ఆమె నడక చూడాలి ఆ రోజు, గవర్నరు భార్య కూడా అలా నడవదు.

ఇపోలో ఒక సింధీ సేఠు బట్టల కొట్టు ఉండేది. గుడ్డ చూసి అతను తల ఊపాడు గానీ, బల్ల మీద చూసినది నమ్మనన్నాడు. "ఊరేగింపులో మనుషుల మీద చూస్తాను. జనం చూడటానికి ఆగితే, కొట్టు వెనక గది నీది. అక్కడే ఉండి రంగులు వేసుకో." ఆమెకి కావలసింది అదొక్కటే. కంచె బయట ఒక గది. బస్సులో తిరిగొస్తూ ఆ గదిలో చట్రం ఏ గోడకి ఆనించాలో నాతో వాదించింది.

ఆమె నాకు చేసిన మేలు కూడా చెప్పాలి. ఇపో వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల దుకాణంలో నాకోసం ఒకటి కొనేది. చదవడం రాదు, అట్ట రంగు చూసి కొనేది. అలా నేను తేనెటీగల పెంపకమూ, ఓడల ఇంజన్లూ, ఎవరో బిషప్పు జీవితమూ చదివాను. నేను పుస్తకాల మనిషినయ్యానంటే సగం ఆ అట్టల వల్లే.

ఊరేగింపులో మా ఎస్టేటు కోలాటం జట్టు ఆడాలి. ఆడపిల్లలకీ, జట్టులో ఉన్న నాలాంటి మగవాళ్ళకీ చొక్కాలు ఆమే కుట్టింది. "మెర్డెకా" అని కేక వెయ్యగానే అందరం ఒక్కసారి కోలలు పైకెత్తాలి, నీలం గుంపు పసుపైపోవాలి. బట్టలు ముందుగా కమిటీకి అప్పగించాలని నియమం. కమిటీ కార్యదర్శి మా నాన్న. ఆమె మూట తెచ్చి మా ఇంట్లో దీపం గూటి ముందు పెట్టింది.

"అన్నయ్యా, వీటికి గంజెట్టకూడదు. గంజెడితే గుడ్డ సచ్చిపోతాది."

"పెట్టను లేవే."

"నీకు గంజి లేంది బట్ట బట్టే కాదు. దీపం ముట్టుకొని సెప్పు."

"నామీద ఆ మాత్రం నమ్మకం లేదేటే నీకు?"

"లేదు. ముట్టుకో."

ఆయన దీపపు కుంది ముట్టుకొని ఒట్టేశాడు. ఆమె నా వైపు చూసి కన్ను గీటి వెళ్ళిపోయింది.

ఊరేగింపు రోజు లారీ ఎక్కబోతుంటే బట్టలు ఇచ్చారు. చేతిలోకి తీసుకోగానే తెలిసింది. అట్టముక్కల్లా ఉన్నాయి. చిక్కటి గంజి, దాని మీద ఇస్త్రీ. విప్పి తడిపే వ్యవధి లేదు. ఇపో వీధిలో జనం కేక వేశారు, మేం కోలలు ఎత్తాం. నా చంకలో పెళుసుగా ఏదో పగిలిన చప్పుడైంది. గుడ్డ సాగలేదు. పక్కనున్న పిల్ల చెయ్యి సగంలోనే ఆగిపోయింది. అందరం నీలంగా, బిగుసుకొని, ఖజానా కాపలాదారుల్లా నిలబడ్డాం. సేఠు అరుగు మీద ఉన్నాడు. పక్కవాడితో, "వీళ్ళు ఏ కంపెనీ జవాన్లు?" అని అడిగాడని తర్వాత తెలిసింది. మా జట్టు దాటకముందే లోపలికి వెళ్ళిపోయాడు. అత్త జనంలోనే ఉంది. ఆమె అతన్ని పిలవలేదు. మా చొక్కాల వైపే చూస్తోంది.

కమిటీ పెద్దలంతా కలిసి దోబీని తిట్టారు. అతను నాతో, "నాకేటి తెలుస్తాది బాబూ, గంజి సిక్కగా ఎట్టమని కిరాణయ్యే పంపినారు" అన్నాడు. నేను నాన్నను అడిగాను.

"ఆడపిల్లలు ఒంటికి అతుక్కున్న బనియన్లేసుకొని దొర ముందర గెంతితే, కిరాణి చెల్లి కుట్టిందంటారు. గంజి పెట్టినాక మర్యాదగా నిలబడింది. ఏటి తప్పు?"

"దీపం ముట్టుకున్నావు కదా."

"దీపం మనింట్లోది. ఊరేగింపు ఊళ్ళోది" అని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

స్వతంత్రం వచ్చింది, మా కంచె మాత్రం అలాగే ఉంది. సేఠు మళ్ళీ కబురు పంపలేదు. అత్త వెళ్ళి అడిగితే, ఆ గదిలో సరుకు పెట్టుకున్నానన్నాడు. తర్వాత ఆమె వెలిసిపోయిన చీరలకీ గుడి జెండాలకీ రంగులు వేసి బతికింది. అల్లిక గుడ్డ మళ్ళీ ముట్టుకోలేదు. బట్టల మీదా రంగుల మీదా నేను లావుపాటి పుస్తకాలు చాలా తిరగేశాను. రాసినవాళ్ళందరూ పట్టు దగ్గర, బాతిక్ దగ్గర ఆగిపోయారు. లోపల వేసుకునే గుడ్డంటే పండితులకి కూడా సిగ్గే.

ఆమె మీద కూడా నాకు కోపం ఉంది. అన్నగారు మంచాన పడితే ఆమే వచ్చి గిన్నెతో గంజి తాగించింది. "మీ నాన్న తెలీక సేసినాడురా" అనేది. అది అబద్ధమని ఆమెకీ తెలుసు. మొదటి గుడ్డ చట్రానికి బిగించేటప్పుడు రెండో కొస పట్టుకొని లాగింది ఆయనే. సాగకపోతే ఏమవుతుందో ఆయనకి చెప్పాల్సిన పని లేదు. అంత తేలిగ్గా క్షమించేవాళ్ళ వల్లే కిరాణీలు కిరాణీలుగా బతికిపోతారు.

ఊరేగింపు నుంచి వచ్చిన సాయంత్రం ఆమె మా పెరటి కుళాయి దగ్గర కూర్చొని ఒక చొక్కాను గంజి వదిలేదాకా పిండింది. తడిదే రవిక మీద వేసుకుంది. లేచి నిలబడి రెండు చేతులూ నెమ్మదిగా పైకెత్తింది. నడుం నుంచి మోచేతుల దాకా పసుపు తెరుచుకుంది. నీళ్ళు కారుతున్నాయి. అలా ఎంతసేపు నిలబడిందో, నీళ్ళు కారడం ఆగేదాకా చేతులు దించలేదు. వెనక వరండాలో కూర్చున్న మనిషి అదంతా చూశాడు. చూసి, ముఖానికి అడ్డంగా పేపరు విప్పుకున్నాడు. దోబీ మీద, సేఠు మీద, కమిటీ మీద నాకు పగ లేదు. వాళ్ళకి తెలియదు. తెలిసినవాడు ఒక్కడే. వాడి పేరు అప్పలస్వామి, ఎస్టేటు పెద్ద కిరాణి, మా నాన్న.